తొండకు లేని కవచం

ఈ శీర్షికకు బల్లుల గురించి ఉత్తరాలు తక్కువేమీ రావు. కాకపోతే వాటిలో చాలా భాగం, బల్లి మనిషి మీద పడితే మనిషికి ఏమవుతుందన్న దగ్గరే ఆగిపోతాయి. కిందటి సంచికలో దక్షిణాఫ్రికాలోని ఒక ముళ్ల బల్లి గురించి, ఆపద వస్తే అది తన తోకను తానే నోట కరుచుకుని చుట్టలా పడుకోవడం గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఆ దెబ్బతో ఈసారి ఉత్తరాల కట్ట దారి మళ్లింది. ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినదాన్ని. ఇలాంటి కట్ట కోసమే ఎదురు చూస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ జంతుశాస్త్రం పూర్తి చేసింది. బి.ఇడి. చేయమంటే వినడం లేదు. బల్లుల ఒంటి మీది కవచం ఎలా పరిణమించిందో పరిశోధించి డాక్టరేటు చేస్తానంటోంది. మీరు రాసింది చదివాక పట్టుదల ఇంకా పెరిగింది. అయిదేళ్లు చదవడానికి అందులో ఏముంది? దానితో పొట్ట గడుస్తుందా? చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి?
(ఒక తండ్రి, బొబ్బిలి)

జవాబు: అయ్యా, చుట్టాల సంగతి తర్వాత చూద్దాం. ముందు మా ఇంట్లో ఉన్న ఒక సీసా గురించి చెప్పనివ్వండి.

1994 వేసవిలో మా కాలేజీ నూతి గట్టు దగ్గర ఒక నలికిరి చచ్చిపడి దొరికింది. కొన్ని చోట్ల నలికండ్ల పాము అంటారు. నున్నగా మెరుస్తూ ఎండుటాకుల్లోకి సర్రున జారిపోతుంది, మీరూ చూసే ఉంటారు. దాని పేగులు తీసేసి, ఫార్మలిన్‌లో కొన్నాళ్లు ఉంచి, తర్వాత పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేశాను. ఆ క్షారంలో కండ మెల్లగా గాజులా తేటపడుతుంది. అలిజరిన్ అనే ఎర్ర రంగు కలిపితే అది ఎముకను మాత్రమే పట్టుకుంటుంది. అంతకు ముందు ఒక తొండను ఇలాగే చేసి విద్యార్థులకు చూపించాను. వెన్నుపూసలు, పక్కటెముకలు వేలు పెట్టి లెక్కపెట్టేటంత స్పష్టంగా వచ్చాయి. నలికిరి కూడా అలాగే వస్తుందనుకున్నాను. మూడు వారాల తర్వాత చూస్తే ఒళ్లంతా ఎరుపు. పక్కటెముకలు కనిపించనే లేదు. రంగు ఎక్కువ పోశాడని మా ల్యాబు అటెండరు మీద విసుక్కున్నాను. అతను ఏమీ అనకుండా భూతద్దం తెచ్చి ఇచ్చాడు. చూస్తే, ప్రతి పొలుసు కిందా ఒక పల్చటి ఎముక బిళ్ల. ఒక్కో బిళ్లా మళ్లీ చిన్న చిన్న ముక్కలు అతికించినట్టుగా ఉంది. పెంకుటింటి కప్పు మీద పెంకు మీద పెంకు ఎక్కినట్టు, తల నుంచి తోక దాకా కప్పేశాయి. పక్కటెముకలు వాటి వెనక దాక్కున్నాయి. అటెండరుకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆ నలికిరి ఇప్పటికీ గ్లిజరిన్ సీసాలో నా బల్ల మీదే ఉంది.

మీ అమ్మాయి కవచం అంటున్నది ఆ బిళ్లల్నే. శాస్త్రంలో వాటిని ఆస్టియోడెర్మ్‌లు అంటారు, మనం చర్మాస్థులు అనుకుందాం. అవి లోపలి అస్థిపంజరానికి చెందినవి కావు, చర్మంలోనే పుట్టే ఎముకలు. మొసలి వీపు మీది గట్లలో ఉన్నవీ ఇవే. అలుగు పొలుసులు మాత్రం వేరు. అవి మన గోరు లాంటి పదార్థం.

ఇక అయిదేళ్లకు అందులో ఏముందని కదా అడిగారు. కార్డిలిడే అని ఒక బల్లి కుటుంబం ఉంది. సుమారు 70 జాతులు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. వీటిలో కొన్నింటికి చర్మాస్థులు లేనట్టే. ఒళ్లు నునుపు, బల్లపరుపు, రాతి చీలికలో కాగితంలా దూరిపోతాయి. కొన్నింటికి ముక్కు నుంచి తోక చివరి దాకా ఎముకా ముళ్లూ. అన్నీ దగ్గరి చుట్టాలే. కొన్ని చోట్ల ఇరుగుపొరుగు రాళ్ల మీదే ఉంటాయి. ఒకే ఇంట్లో అన్న ఇనుప చొక్కా తొడుక్కుని, తమ్ముడు మల్లు పంచెతో తిరుగుతుంటే మనం ఊరుకుంటామా? ఎందుకలాగ అని అడగమూ? దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో లె ఫ్రాస్ మౌటన్ అనే ఆచార్యుడు, ఆయన శిష్యులు దశాబ్దాలుగా అడుగుతున్నది ఇదే. క్రిస్ బ్రూక్‌హోవెన్ అనే పరిశోధకుడు అక్కడ డాక్టరేటు చేసిందీ ఇలాంటి ప్రశ్న మీదే.

నేను కిందటిసారి రాసిన బల్లి ఆ ఇనుప చొక్కా అన్న. 2011లో ఈ కుటుంబాన్ని తిరిగి వర్గీకరించినప్పుడు దానికి ఔరోబోరస్ అనే పేరు పెట్టారు. తన తోకను తానే మింగే పాము బొమ్మ పాత ఈజిప్టులో, గ్రీకుల్లో ఉండేది, దాని పేరది. తోక కాకుండా ఒళ్లు సుమారు పది సెంటీమీటర్లు, అంతే. దక్షిణాఫ్రికా పడమటి తీరం వెంట నమాక్వాలాండ్ వైపు ఎండు నేలల్లో, రాతి చీలికల్లో ఉంటుంది. ఒంటరిగా కాదు, గుంపుగా. ఒకే చీలికలో ఇరవై ముప్పై కూడా కనిపిస్తాయి, బల్లుల్లో ఇది అరుదు. గుడ్లు పెట్టదు, ఏడాదికి ఒక పిల్లను, ఎప్పుడైనా రెండింటిని కంటుంది. పరుగు మందం.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకే గుమ్మం దగ్గర ముప్పై నోళ్లుంటే చుట్టుపక్కల పురుగులు ఎన్నాళ్లు సరిపోతాయి? అందుకే ఈ బల్లులు చీలిక వదిలి, బయలు నేలలో చెదపురుగులు మేతకు వచ్చే కన్నాల దాకా వెళ్తాయి. గద్దలూ ముంగిసలూ తిరిగే చోట, మందంగా నడిచే బల్లి, ఇంటికి దూరంగా. అప్పుడు ఒంటి మీద ఎముక లేకపోతే గడవదు. ఒంటి మీద ఎముక ఉంది కాబట్టి పరుగు మందం. పరుగు మందం కాబట్టి ఎముక కావాలి. ఏది ముందు వచ్చింది, గుంపా, కవచమా, చెదపురుగులా? ఈ ముడిలో ఒక్క పోగు లాగి చూపించడానికే అయిదేళ్లు చాలవు. నాకు అడిగే వయసు దాటిపోయింది గానీ, మీ అమ్మాయి మీద అసూయగానే ఉంది.

పొట్ట విషయం. సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి. కలిసి పెట్టే నెట్ పరీక్షలో జూనియర్ ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్ అయితే 42,000. బి.ఇడి. చేసి ప్రైవేటు బడిలో చేరిన నా శిష్యురాళ్ల జీతాలు నాకు తెలుసు, పోల్చి రాయను. ఆ డబ్బు కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. డాక్టరేటు తర్వాత ఉద్యోగం ఎవరూ పిలిచి ఇవ్వరు. ఆ మాట కూడా మీ అమ్మాయికి ఇప్పటికే తెలిసి ఉంటుంది, మనకంటే బాగా.

చుట్టాలకు మాత్రం ‘మా అమ్మాయి ఎముకల మీద పరిశోధన చేస్తోంది’ అని చెప్పండి. అబద్ధం కాదు. మిగిలింది వాళ్లే ఊహించుకుంటారు.

ప్రశ్న: మేడం, మా ఇంటి గోడ మీద బల్లికీ, కంచె మీద తొండకూ కవచం ఉంటుందా? తొండ మెడ మీద ముళ్లు ఉన్నాయి కదా!
(ఎనిమిదో తరగతి విద్యార్థి, మిర్యాలగూడ)

జవాబు: ముళ్లు ఉన్నాయి నాయనా, వాటి కింద ఎముక లేదు. తొండ ముల్లు అంతా పొలుసు సాగి మొనదేలినదే. తొండ వంశంలోనే చర్మాస్థులు లేవు. రాజస్థాన్, కచ్ ఎడారుల్లో తొండకు చుట్టమైన ముళ్లతోక బల్లి ఒకటి ఉంది, అక్కడ సాండా అంటారు. దాని తోక చూస్తే ముళ్లగదలా ఉంటుంది, దానితో బొరియ నోరు మూసేస్తుంది. అందులోనూ ఇలాంటి బిళ్లలు లేవు. తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని మన పెద్దలన్నారు. ఎంత ముదిరినా నలికిరి మాత్రం కాలేదు.

గోడ మీది బల్లికీ లేవు. తలకిందులుగా కప్పు మీద పరుగెత్తే ప్రాణికి ఒంటినిండా ఎముక బిళ్లలు తగిలిస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. దాని ఉపాయం వేరు: తోక వదిలేసి పారిపోతుంది. తోక కరుచుకునే ఆఫ్రికా బల్లి కూడా అవసరమైతే తోక వదలగలదు గానీ అంత తేలిగ్గా వదలదు. తోకే దాని తలుపు గొళ్లెం మరి. చుట్టుకున్నప్పుడు ముళ్లన్నీ బయటికి ఉంటాయి, మెత్తటి పొట్ట లోపలికి పోతుంది.

అయితే బల్లులన్నీ ఒకటే అనుకోకు. అస్సాం వైపు పెద్ద గొంతుతో అరిచే టోకే బల్లికి తల మీద చిన్న చిన్న చర్మాస్థులుంటాయి.

ప్రశ్న: కర్ణుడిలా ఈ బల్లులు కవచంతోనే పుడతాయా?
(ఒక గృహిణి, తెనాలి)

జవాబు: ఎంత చక్కని ప్రశ్న అమ్మా! చాలా బల్లుల్లో ఈ బిళ్లలు పుట్టాక, పెరిగే కొద్దీ గట్టిపడతాయి. ఉడుము జాతుల్లో అన్నిటికంటే పెద్దదైన కొమొడో డ్రాగన్ సంగతి వినండి. 2019లో అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం వారు, జంతుప్రదర్శనశాలల్లో చనిపోయిన రెండింటి తలలను ఎక్స్‌రే స్కానర్‌లో చూశారు. ఒకటి పందొమ్మిదేళ్లు బతికినది. తలంతా గొలుసు అల్లికలా ఎముక ముక్కలే. రెండోది పుట్టి రెండు రోజులైన పిల్ల. దాని తల మీద ఒక్క ముక్క కూడా లేదు.

పిల్లప్పుడు చెట్ల మీద బతుకుతాయి, పెద్దయ్యాక నేల మీద ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. తోటి డ్రాగన్ల కోరల నుంచి తల కాచుకోవడానికే ఆ గొలుసు అని పరిశోధకుల ఊహ. మన కర్ణుడికి ఇంద్రుడు అడిగేదాకా ఉంది. ఈ ప్రాణికి వయసొచ్చాక గానీ రాదు.

దక్షిణాఫ్రికా బల్లుల్లోనూ తమలో తాము పోట్లాడుకునే సంగతి ఉంది. కేప్ కొండ బల్లి అని ఒక జాతిలో చర్మాస్థులు ఆడవాటికంటే మగవాటికి ఎక్కువ. 2017లో దాన్ని పరీక్షించినవారు మగవాటి కాట్ల వైపే వేలు చూపించారు.

ప్రశ్న: సైన్యంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. కవచం శత్రువు కోసమే తొడుగుతారు, ఇందులో చర్చ ఏముంది? పరిశోధకులు ఎండ, నీరు, వాతావరణం అని ఎందుకు కలగాపులగం చేస్తారు?
(విశ్రాంత సుబేదారు, మార్కాపురం)

జవాబు: సుబేదారుగారూ, రాజస్థాన్‌లో మే నెలలో గుండు తగలని చొక్కా తొడుక్కుని కాపలా కాశారా? కాసి ఉంటే సగం జవాబు మీ దగ్గరే ఉంది. ఆ చొక్కా గుండు ఒక్కదానితోనే కాదు, ఎండతోనూ లెక్క తేల్చుకోవాలి.

బల్లి చల్లని రక్తపు ప్రాణి అని బడిలో చెప్పుకున్నాం. ఒంటికి కావలసిన వేడి ఎండ నుంచే తెచ్చుకుంటుంది. చర్మాస్థి రాయి కాదు. లోపల రక్తనాళాల దారులుంటాయి. దారులు ఎక్కువైతే బిళ్ల వేడిని బాగా పట్టి ఉంచుకోగలదు. కానీ దారి అంటే ఖాళీ. ఇటుకలో కన్నాలు పెరిగితే గోడ బలం ఏమవుతుంది? 2017లో బ్రూక్‌హోవెన్, ఆయన సహచరులు సరిగ్గా ఈ లెక్కే వేశారు. తోక కరుచుకునే బల్లి నుంచీ, అదే కుటుంబంలోని మరో బల్లి నుంచీ ఎముక బిళ్లలు తీసుకున్నారు. మైక్రో సి.టి. స్కానర్‌లో లోపలి ఖాళీలన్నీ చూశారు. ఆ రూపాన్నే కంప్యూటర్లో కట్టి, దాని మీద ఒత్తిడి పెట్టి చూశారు, వేడి పెట్టి చూశారు. రక్తనాళాలు ఎక్కువ ఉన్న బిళ్ల వేడి విషయంలో నెగ్గుతుంది, బలంలో ఓడుతుంది. రెండూ ఒకే బిళ్లలో దొరకవు.

మరుసటి ఏడాది, 2018లో, ఇదే కుటుంబంలోని అనేక జాతులను కలిపి చూశారు. శత్రువుతో పాటు బల్లి ఉండే చోటునూ, అక్కడి వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. మీకు కలగాపులగం అనిపించింది వాళ్ల గందరగోళం కాదు, బల్లి బతుకు.

శత్రువు మాటలోనూ ఒక మెలిక ఉంది. కింది ఉత్తరం చూడండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కవచం నిజంగా కాపాడుతోందని ఎలా రుజువు చేస్తారు? మన తూర్పు కనుమల్లో ఇలాంటి పని ఎక్కడ మొదలుపెట్టవచ్చు?
(ఒక విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: మొదటి ప్రశ్నకు 2015లో వచ్చిన ఒక పరిశోధన మంచి పాఠం. అందులో మౌటన్, బ్రూక్‌హోవెన్ ఇద్దరూ ఉన్నారు. బల్లి చర్మంలోకి పన్ను దిగాలంటే ఎంత బలం కావాలో యంత్రంతో కొలిచారు. వాటిని తినే ముంగిసల్లాంటి జంతువులు ఎంత బలంగా కొరకగలవో దాని పక్కన పెట్టారు. ముళ్లూ ఎముకలూ చూసి మనం జడిసిపోయే జాతుల్లో చాలా వాటి చర్మం ఆ కాటుకు నిలవదని తేలింది. నిలిచింది తోక కరుచుకునే మన బల్లి. చూడటానికి కోట, కొలిస్తే తడిక! కనిపించిన దాన్ని నమ్మకుండా కొలిచి చూడటం అంటే ఇదమ్మా. మరి ఆ తడికలు ఎందుకు మోస్తున్నాయి? అక్కడి నుంచి ఇంకొకరి డాక్టరేటు మొదలవుతుంది.

రెండో జాగ్రత్త వంశవృక్షం. పది జాతుల్లో కవచం ఉంది, ఆ పదీ ఎండు నేలలో ఉన్నాయి, కాబట్టి ఎండే కారణం అని రాసేస్తే పరీక్షకుడు వెంటనే తిప్పి పంపుతాడు. ఒకే ఇంట్లో పది మందికి ఉంగరాల జుట్టు ఉంటే అది పది సాక్ష్యాలు కాదు, తాతగారి జుట్టు ఒక్కటే. ఎన్ని కొమ్మల్లో కవచం విడివిడిగా వచ్చిందో లెక్కపెట్టాలి. దానికి గణాంకశాస్త్రం కావాలి. భయపడకు, నేను యాభై దాటాక నేర్చుకున్నాను.

మన వైపు పనికి నలికిరులే మంచివి. అన్ని నలికిరులకూ చర్మాస్థులు ఉంటాయి కాబట్టి ‘ఉందా లేదా’ అని కాకుండా ‘ఎంత మందం, ఎక్కడ ఎక్కువ’ అని అడగాలి. గడ్డిలో తిరిగేదానికీ, రాళ్లలో ఉండేదానికీ, నేలలో దూరేదానికీ తేడా ఉందా? కొత్తగా ఒక్క ప్రాణినీ చంపనక్కర్లేదు. మ్యూజియం సీసాల్లో ఉన్నవాటిని స్కానర్‌లో పెడితే చాలు, సీసా మూత తప్ప ఏదీ పాడు కాదు. అడవిలో పట్టి కొలవాలనుకుంటే మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి చూసుకోవాలి. దరఖాస్తు ఈ వారమే పెట్టు. మా రోజుల్లో నా శిష్యుడు ఒకడి కాగితం ఒక కార్యాలయంలో పద్నాలుగు నెలలు తిరిగింది. అది చేతికొచ్చే వేళకు వాడికి బ్యాంకులో ఉద్యోగం వచ్చేసింది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జీవావరణ విభాగం ఉంది, అక్కడ బల్లుల మీద పని జరుగుతుంది. ఉత్తరం రాయి. రాసేటప్పుడు ‘గౌరవనీయులైన’ అని అర పేజీ నింపకు. ఏ ప్రశ్న అడగాలనుకుంటున్నావో మొదటి వాక్యంలోనే ఉండాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఫోనులో ఆ తోక కరుచుకునే బల్లిని చూసి చిన్న డ్రాగన్‌లా ఉంది, కొనిపెట్టమని పేచీ పెడుతున్నాడు. ఎక్కడ దొరుకుతుంది?
(పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: దొరకకూడదు. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలోని రెండో జాబితాలో ఉంది. దాని సొంత దేశంలో అనుమతి లేకుండా పట్టడం నేరం. ఏడాదికి ఒక్క పిల్లను కనే ప్రాణి అని పైన రాశాను. అది గుంపుగా ఉంటుందని కూడా రాశాను. ఒక దొంగ గునపంతో ఒక చీలిక పెకలిస్తే పోయేది ఒక బల్లి కాదు, ఇల్లంతా. ఆ చీలిక కూడా మళ్లీ పనికిరాదు. ముంగిస కోరకు నిలిచిన కవచం గునపానికీ గోనెసంచికీ నిలవలేదు. చుట్టుకుని కదలకుండా ఉండటం మనిషి విషయంలో దానికే చేటు, చేత్తో ఏరుకోవచ్చు.

మీ అబ్బాయిని ఒక ఆదివారం ఉదయం ఎండెక్కాక ఏ పార్కులోనో ఎండుటాకుల పక్కన పది నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి. నలికిరి వస్తుంది. ఒళ్లంతా ఎముక కవచం ఉన్న ప్రాణి, పైసా ఖర్చు లేదు. పట్టుకోవద్దని మాత్రం ముందే చెప్పండి.

ప్రశ్న: ఇవన్నీ సరే మేడం. మొన్న శుక్రవారం రాత్రి మా ఆవిడ ఎడమ భుజం మీద బల్లి పడింది. ఫలితం ఏమిటి?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: గోడ బల్లికి కవచం లేదని పైన ఇప్పుడే రాశాను. కింద పడ్డాక అది లేచి పోయిందో లేదో మీరు రాయలేదు.